జోగారావు గారి నాడి పుస్తకం

చేతి గడియారాన్ని ఎడమచేతికే కట్టుకోవాలన్న నియమం ఏ ధర్మశాస్త్రంలోనూ కనబడకపోయినా, మానవజాతి నాగరికత సమస్తమూ ఆ తోలుపట్టీని పట్టుకునే వేలాడుతున్నదని నందిగట్టు గ్రామ మోతుబరి జోగారావు గారి నిశ్చితాభిప్రాయం. అందుచేతనే ఆయన ప్రతి ఉదయం ఏడు గంటలకు, స్నానం తరువాత, కాఫీకి ముందు, వీధి వసారాలో పడకకుర్చీ మీద ఆసీనులై, ఎదుట నిలబడిన సోమరాజు ఎడమచేతిని స్వహస్తాలతో అందుకుని, ఆ మణికట్టుకు తన స్విస్ గడియారాన్ని కిరీటం అమర్చేటంత శ్రద్ధతో కట్టేవారు. సాయంత్రం ఏడింటికి అంతే శ్రద్ధతో విప్పి, తుడిచి, పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో దాచేవారు. కొత్త పైసలు వచ్చిన ఆ ఏడాది కొల్లేటి చుట్టుపక్కల ఇంతకంటె విచిత్రమైన పట్టాభిషేకం మరొకటి జరగలేదు.

సోమరాజు కొల్లేటి నడుమ లంకలో పుట్టి, వల మీద బతికినవాడు. వల పట్టిన చేతికి గడియారం ఎక్కడం ఆ లంకల్లో అదే మొదలు. దారిలో ఎదురైనవాళ్లు, "టైమెంతయిందండీ సోమరాజు గారూ?" అని లేని గౌరవం తెచ్చిపెట్టి అడిగేవారు. అతనికి టైము చూడడం రాదు. పెద్దముల్లూ చిన్నముల్లూ అతనికి పరాయివాళ్లు. అడుగున బొట్టుబిళ్లంత గుండ్రంలో పరుగెత్తే సెకన్ల ముల్లు ఒక్కటే చుట్టం. అది ఒక చుట్టు తిరిగివచ్చేలోగా జోగారావు గారి నాడి ఎన్నిమార్లు కొట్టుకున్నదో లెక్కపెట్టి చెప్పడం అతని ఉద్యోగం. నిమిషమంటే ఎంతో అతనికి క్షుణ్ణంగా తెలుసు. గంట సంగతి బాబుగారిది.

ఆ సోమవారం ఉదయం కూడా గడియారధారణ ముగిసిన తరువాత జోగారావు గారు కుడిచేతిని కుర్చీ చేతిమీద చాపి కళ్లు మూసుకున్నారు. సోమరాజు కింద గొంతుకూర్చుని, తుండుగుడ్డతో వేళ్లు తుడుచుకుని, ఆ తెల్లని, మెత్తని మణికట్టు మీద తన బొటనవేలు ఆనించాడు. వల అల్లి అల్లి మిగిలిన వేళ్ల కొసలు పోకచెక్కల్లా గట్టిపడిపోయాయి. వాటికి వేడీ చల్లనా కూడా సరిగా తెలియదు. కొరమేను బతికి ఉన్నదో లేదో తెలియాలంటే లంకలవాళ్లు మొప్ప కింద బొటనవేలే పెట్టి చూస్తారు. ప్రాణం జాడ బొటనవేలికే తెలుస్తుందని అతని తాత అతని తండ్రికి చెప్పాడు, తండ్రి అతనికి చెప్పాడు. చేపకు సరిపోయిన శాస్త్రం మోతుబరికి సరిపోదని ఎవరూ చెప్పలేదు.

"లాభం, రెండు, మూడు..." ఒకటిని లాభమనే పాత అలవాటుతో పెదవులు కదిలాయి. ముల్లు చుట్టు పూర్తిచేసింది.

"నూట పన్నెండండి."

"ఉఁ." జోగారావు గారు కళ్లు తెరవకుండానే నిట్టూర్చారు. "నడక ఎలా ఉంది?"

"మూడు గబగబా కొట్టుకుని ఒకటి తప్పిందండి. మళ్లీ రెండు నిదానంగా, మళ్లీ పరుగండి. వల్లో పడ్డ జెల్ల తన్నుకున్నట్టుందండి."

జోగారావు గారు ఒళ్లో ఉన్న ఎర్ర అట్ట పుస్తకం తెరిచారు. రోజుకు మూడు గళ్లు: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. పక్కన 'విశేషములు' అని ఒక వెడల్పాటి గడి. మొదటి గడిలో 112 అనీ, విశేషాలలో 'జెల్ల వలె' అనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, అద్దుడు కాగితం ఒత్తి, ఆ పేజీవంక కన్నతండ్రిలా చూసుకున్నారు. ఫాల్గుణంలో ఒకసారి పనసతొనలు ఎక్కువై గుండెల్లో మంట వస్తే ఏలూరు డాక్టరు, "అప్పుడప్పుడూ గడియారం పెట్టి నాడి చూసుకుంటూ ఉండండి" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనకు నేటికి డెబ్బై రెండు రోజుల లెక్కలు సమాధానంగా సిద్ధమయ్యాయి.

సొంతంగా లెక్కపెట్టుకుంటే భయంతో లెక్క తప్పిపోతున్నదని జోగారావు గారు మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి సోమరాజే కావడానికి కారణం ఉంది. వల గట్టెక్కాక చేపలు పంచేటప్పుడు లంకలో లెక్క చెప్పేవాడు ఒక్కడే ఉంటాడు. అతడు తప్పు లెక్క చెబితే ఆ వల మళ్లీ నీళ్లలో దిగకూడదని కట్టుబాటు. పదేళ్లపాటు ఆ వాడలో లెక్క చెప్పినవాడు సోమరాజు. పదేళ్లలో ఒక్క వలా గట్టున ఎండిపోలేదు. అలాంటివాడు రెండేళ్లుగా దోనె తోసే గెడ నాలుగు పోట్లు వేస్తే చాలు, ఆయాసంతో దోనెలో కూలబడుతున్నాడు. నీళ్లలో దిగలేనివాడికి లంకలో వాటా లేదు. అందుచేత జోగారావు గారి గుండె చెడిపోవడం సోమరాజు ఇంట పొయ్యి వెలగడానికి ఆధారమయింది. ఆ సంగతి తలుచుకుని అతడు సిగ్గుపడేవాడు. బాబుగారి గుండె కుదుటపడాలని కొల్లేటికోట అమ్మవారికి కోడిని మొక్కుకున్నాడు. పూర్తిగా కుదుటపడితే తన గతేమిటని ఆ మొక్కు తీర్చడం వాయిదా వేస్తూ వచ్చాడు.

జోగారావు గారి భార్య వెంకటనరసమ్మ గారు కాఫీతోపాటు ఒక పోస్టుకార్డు తెచ్చి ఇచ్చారు. "ఏలూరునించటండీ. టపా రన్నరు ఇచ్చివెళ్లాడు."

జోగారావు గారు కార్డును ఒకమారు మౌనంగా, ఒకమారు పైకి, ఒకమారు వీధిలో పోతున్న కరణం గారిని పిలిచి ఆయనకోసం చదివారు. డాక్టర్ హనుమంతరావు గారు రాశారు: "మీరు పంపిన నాడి లెక్కల నకలు చూసితిని. చాలా ఆశ్చర్యముగా నున్నది. ఆలస్యము చేయక వచ్చి చూపించుకొనవలెను. లెక్కించిన మనిషిని కూడ తీసుకొని రావలెను."

"చూశారా? 'చాలా ఆశ్చర్యము' ట. ఎంత చదువుకున్నవాడు! అంతటివాడికే ఆశ్చర్యం వేసిందంటే..."

"మీ తమ్ముడు గారికి తెలిసిందాండీ?" అన్నారు కరణం గారు.

"తెలియకేం? తాడేపల్లిగూడేనికి కబురు పోయింది. పంపకాలంటూ ప్లీడరు నోటీసు ఇచ్చినవాడు, నా సంగతి విన్నాక నోరెత్తడం లేదు. గుండెజబ్బు మనిషిని కోర్టుకీడిస్తే పెద్దమనుషులు ఊరుకుంటారా?" జోగారావు గారు గుండె మీద చెయ్యి వేసుకుని, దాన్ని పెంపుడు చిలకను నిమిరినట్టు నిమిరారు.

మంగళవారం తెల్లవారేసరికి ప్రయాణం సిద్ధమయింది గాని పడవ నడిపే పోతురాజు రాలేదు. బావమరిది పెళ్లికని ముందురోజే వెళ్లిపోయాడట. జోగారావు గారు రేవులో నిలబడి, డాక్టరుగారి ఆశ్చర్యం చల్లారిపోతుందేమోనన్న ఆందోళనతో నలుదిక్కులూ చూసి, చివరికి చూపు సోమరాజు మీద నిలిపారు.

"గెడ వెయ్యడం మరిచిపోలేదు కదా?"

"మరిచిపోలేదండి. ఆయాసం వత్తాదండి."

"నిదానంగా వెయ్యి. ఇద్దరమేగా." ఆ ఇద్దరిలో ఒకరు రెండు బస్తాల బరువుంటారన్న సంగతి పడవ ఒరిగి తెలియజేసింది.

కిక్కిస పొదల మధ్య నీటిబాటలో పడవ కదిలింది. జోగారావు గారు పరుపు మీద దిండ్లకు చేరగిలబడి గొడుగు తెరిచారు. సోమరాజు గెడను అడుగున బురదలో గుచ్చి, దాని మీద ఛాతీ ఆనించి, పడవ అంచున వెనక్కు నడుస్తూ తోశాడు. గుచ్చడం, ఒరగడం, నడవడం, పీకడం. పదో పోటుకు చెవుల్లో హోరు మొదలయింది. ఇరవయ్యో పోటుకు ఛాతీలో ఎవరో తలుపు బాదుతున్నట్టయింది. ఆ తలుపు బాదుడు తనదేనని అతనికి తెలుసు. పనిచేసే మనిషికి అది చెమటలాంటిదే అనుకున్నాడు. గూడబాతుల గుంపొకటి లేచి పడవమీదుగా పోయింది. జోగారావు గారు వాటిని చూసి ఆనందించారు.

"ఒరే, ఒకసారి చూడు. ప్రయాణంలో ఎలా ఉందో రాసిపెట్టుకుందాం."

సోమరాజు గెడను ఆనించి, రొప్పుతూ వచ్చి కూర్చుని, బొటనవేలు పెట్టాడు. ముల్లు తిరిగింది. అతని మొహం పాలిపోయింది.

"ఎంతరా?"

"నూట ముప్పై ఆరండి."

జోగారావు గారి చేతిలో గొడుగు వంగింది. "నేను కదల్లేదు కదరా!"

"కదల్లేదండి బాబుగారూ. కూకునే ఉన్నారండి."

"గూడబాతుల్ని చూడబట్టేనంటావా?"

"ఏమోనండి. ఇంకెప్పుడూ సూడకండి."

జోగారావు గారు కళ్లు మూసుకుని, "తొందరగా పోనీరా. దార్లో ఏమైనా అయితే? తొందరగా!" అన్నారు. సోమరాజు భయంతో గెడ అందుకున్నాడు. బాబుగారి ప్రాణం తన చేతుల్లో ఉందన్న తలపు అతనికి ఎక్కడలేని బలమూ ఇచ్చింది, ఉన్న ఊపిరీ తీసేసింది. కాలవ మొదట్లో మళ్లీ చూస్తే నూట నలభై ఎనిమిది. జోగారావు గారు దేవుణ్ణీ, భార్యనూ, తాడేపల్లిగూడెం తమ్ముణ్ణీ కూడా పేరుపేరునా పిలిచారు. "ఇంకా తొందరగా!" అన్నారు. లాకుల దగ్గర దిగేటప్పటికి లెక్క అందలేదు. నాడి ముల్లుతో పందెం వేసి గెలిచిందని మాత్రం సోమరాజు చెప్పగలిగాడు. పడవలో మూడు గంటలు పడుకుని వచ్చిన జోగారావు గారు గులాబీ రంగులో ఉన్నారు. ఆయనను జట్కా ఎక్కిస్తున్న సోమరాజు పెదవులు నీలంగా ఉన్నాయి.

డాక్టర్ హనుమంతరావు గారు పొట్టిగా, బట్టతలతో, ఎవరి మాటా సగం కంటే ఎక్కువ వినని మనిషి. గొట్టం చెవులకు తగిలించుకుని జోగారావు గారి ఛాతీని ముందునుంచి విన్నారు, వెనకనుంచి విన్నారు, పక్కకు తిప్పి విన్నారు. దొంగవస్తువు కోసం సోదా చేసే హెడ్డు కానిస్టేబులు కళ ఆయన మొహంలో కనబడింది. వస్తువు దొరకలేదు.

"ఎవరండీ లెక్కపెట్టింది?"

"వీడేనండీ. లెక్కలో వీడు ధర్మరాజు."

"ఇటు రావయ్యా. ఆయన కుడిచెయ్యి నువ్వు పట్టుకో, ఎడమచెయ్యి నేను పట్టుకుంటాను. ఎజ్రా, నువ్వు టైము చెప్పు."

కాంపౌండరు ఎజ్రా గోడగడియారం కింద నిలబడి, "ఆఁ" అన్నాడు. నిమిషం గడిచాక మళ్లీ, "ఆఁ" అన్నాడు. ఒక మనిషిని ఇద్దరు చెరోవైపున పట్టుకుని నిలబడ్డ ఆ నిమిషంలో గదిలో పంకా చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

"డెబ్బై ఆరు" అన్నారు డాక్టరుగారు.

"నూట ముప్పై రెండండి" అన్నాడు సోమరాజు.

జోగారావు గారు తన రెండు చేతులవంకా మార్చి మార్చి చూసుకున్నారు. "కుడివైపు జబ్బు ఎక్కువగా ఉందంటారా?"

ఎజ్రా గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, అతను బొటనవేలితో చూస్తున్నాడండి."

డాక్టరుగారు వంగి చూశారు. తరువాత నవ్వారు. తరువాత నవ్వు మధ్యలో ఆపేశారు. "బొటనవేలికి దాని నాడి దానికుంటుందయ్యా. అవతలివాడి చెయ్యి పట్టుకుని నీది నువ్వు లెక్కపెట్టుకున్నావు." ఆయన సోమరాజు మణికట్టు మీద మూడువేళ్లు పెట్టి, కాసేపు ఊరుకుని, గొట్టం తీసి అతని ఛాతీకి ఆనించారు. ఈసారి సోదాలో వస్తువు దొరికింది. "చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా?"

"వచ్చిందండి. మోకాళ్లు బూరెల్లా పొంగాయండి."

"అదే వచ్చి గుండె కవాటం మీద కూర్చుంది. ఎజ్రా, ఇలా వచ్చి విను. ఇంత స్పష్టంగా మళ్లీ దొరకదు." ఎజ్రా విన్నాడు. డాక్టరుగారు ఎర్ర అట్ట పుస్తకం తిరగేశారు. ఒక్కొక్క పేజీకీ ఆయన కనుబొమలు పైకి పోయాయి. "రోజుకు మూడుసార్లు, రెండున్నర నెలలు! 'జెల్ల వలె' ట! జోగారావు గారూ, మనిషి ఒంటిమీద గడియారం కట్టుకు తిరుగుతూ తన గుండెను తానే కనిపెట్టుకున్న వృత్తాంతం మద్రాసులో కూడా ఉండదు. ఈ పుస్తకం నాకివ్వండి, వైద్యుల సభలో చదువుతాను."

"అంటే," జోగారావు గారి గొంతు సన్నబడింది, "నాకు జబ్బు లేదంటారా?"

"మీరు గుండ్రాళ్లు తిని అరాయించుకోగలరు."

ఇంతటి ఘోరమైన వార్తను డాక్టర్లు రోగికి మెల్లగా, దగ్గరివాళ్ల సమక్షంలో చెప్పాలి. హనుమంతరావు గారికి ఆ మర్యాద లేకపోయింది. జోగారావు గారు కుర్చీలో కూలబడి, పుస్తకాన్ని గుండెలకు హత్తుకున్నారు. "ఇది ఇవ్వనండీ. ఇది నా నాడి పుస్తకం."

"నాడి అతనిదండీ."

"పుస్తకం నాదండీ. రాసింది నేను."

డాక్టరుగారు ఆ వివాదాన్ని అక్కడ వదిలేసి సోమరాజు వైపు తిరిగారు. మాత్రలు రోజుకు రెండు. వారం తిరగకుండా నాడి నెమ్మదిస్తుంది. నెలకొకసారి కనబడాలి. ఉప్పు తగ్గించాలి. గెడ ముట్టకూడదు.

"గెడ ముట్టకపోతే ఇంటికెలా ఎల్తానండి?" అన్నాడు సోమరాజు. వేళాకోళం కాదు, పడవ లాకుల దగ్గర కట్టేసి ఉంది.

ఎజ్రా పొట్లం కట్టి అతని చేతిలో పెడుతూ గొంతు తగ్గించాడు. "తమ్ముడూ, ఇవి మానకు. మందు తక్కువదే గాని నీ ప్రాణం ఇందులో ఉంది."

లాకుల దగ్గర కిరాయి మనిషి పడవ సిద్ధం చేస్తుండగా జోగారావు గారు గట్టుమీద గొడుగు కింద నిలబడి చాలాసేపు నీళ్లవంక చూశారు. సోమరాజు నాలుగడుగుల దూరంలో, గడియారమున్న చేతిని మరో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. విప్పి ఇమ్మంటారని ఎదురుచూస్తున్నాడు. తిడతారని కూడా ఎదురుచూస్తున్నాడు. గుండెజబ్బు తనదని తెలిసినందుకు అతనికి ఇంకా భయం వేయలేదు. రెండున్నర నెలలు బాబుగారికి తప్పుడు లెక్క చెప్పానన్న సంగతే గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్నది.

"ఒరే సోమరాజూ."

"బాబుగారండి."

"ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియనక్కర్లేదు. నువ్వు రేపట్నించి ఎప్పట్లాగే వచ్చి చూడు. ఎప్పట్లాగే, బొటనవేలితోనే."

"అది నాది కదండి?"

"ఎవరిదైతేనేం, లెక్క లెక్కే. ఇన్నాళ్లూ రాయలేదా?" ఆయన దగ్గరకు వచ్చారు. "మా తమ్ముడు సోమవారం పెద్దమనుషుల్ని వెంటబెట్టుకు వచ్చి పుస్తకం చూస్తాడట. నా ప్రాణం అందులో ఉంది." పొట్లంవంక చూశారు. "ఆ మాత్రలు వేసుకుంటే లెక్క తగ్గుతుందన్నాడు కదూ?"

"అన్నారండి."

"తగ్గితే నాకు నయమైనట్టు. నాకు నయమైతే గడియారంతో పనిలేదు. ఆలోచించుకో. నేను ఒకరిని బలవంతపెట్టే మనిషిని కాదు. వేసుకుంటానంటే వేసుకో. ఎవరి ప్రాణం వాళ్లకు తీపి."

ఇంత ధర్మంగా మాట్లాడిన తరువాత జోగారావు గారు పడవెక్కి, దిండ్లకు చేరగిలబడి నిద్రపోయారు.

సోమరాజు భార్య నూకరత్నం సంగతంతా విని, చేపలు తోముతున్న కత్తిపీట మీదనుంచి లేవకుండానే నవ్వింది. ఆ నవ్వుకు పక్క గుడిసెలో కోడి బెదిరింది.

"అయితే ఈ రెండున్నర నెల్లూ ఆయన తాగిన పాలు ఎవరివయ్యా? నీయి! దిండ్లు ఎవరివి? నీయి! ఇసనకర్ర పట్టి ఇసిరించుకున్నాడే, అదీ నీదే!"

"నవ్వకే."

"నవ్వక ఏడవమంటావా? అమ్మోరికి కోణ్ణి మొక్కావు, ఆయన గుండె బాగుండాలని. అమ్మోరు నీకన్నా తెలివైంది, ఆ మొక్కెవరిదో తెలుసుకునే ఊరుకుంది." ఆమె చేతులు కడుక్కుని వచ్చి పొట్లం విప్పింది. చిన్న చిన్న తెల్ల మాత్రలు. వాటిని లెక్కపెట్టకుండా ఒకటి తీసి అతని నోటిదగ్గర పెట్టింది. "మింగు."

"లెక్క తగ్గిద్దే. గడియారం పోద్ది. మళ్లీ గెడ పట్టాలి."

"మాత్రేసుకో. లెక్క పాతదే చెప్పు. నూట పన్నెండో, పద్దెనిమిదో, ఏదో ఒకటి. ఎవడు చూడొచ్చాడు నీ బొటనేల్లో దూరి?"

సోమరాజు ఆమెవంక, పరాయి వాడ మనిషిని చూసినట్టు చూశాడు. "తప్పుడు లెక్క చెప్పమంటావా?"

"అది చేపలకి కదయ్యా కట్టుబాటు!"

"లెక్కకే కట్టుబాటు. నా నోటితో తప్పుడు లెక్క చెబితే ఇంక వల కాడ నన్నెవరు నమ్ముతారు?"

"నిన్ను వల కాడికి పిలిచి రెండేళ్లయింది!"

ఆ మాట అన్నాక నూకరత్నం నాలుక కరుచుకుంది. తరువాత సోమరాజు నోరు తెరిచాడు; ఆమె మాత్ర నాలుక మీద వేసి, నీళ్లచెంబు అందించి, అది గొంతు దిగేదాకా కనిపెట్టి చూసింది. ఉప్పుచేప బదులు చప్పిడి చారు పోసింది. అతడు మొహం చిట్లించాడు గాని తిన్నాడు.

బుధవారం ఉదయం నూట పది. జోగారావు గారు సంతృప్తిగా రాసుకున్నారు. మధ్యాహ్నం నూట ఆరు. గురువారం ఉదయం తొంభై ఎనిమిది. ఆ అంకె వినగానే జోగారావు గారి కలం గడి మీద ఆగిపోయింది. సిరాచుక్క ఒకటి పేజీ మీద రాలి, గుండ్రంగా, నల్లగా విచ్చుకుంది.

"వేసుకుంటున్నావన్నమాట."

సోమరాజు తలవంచుకున్నాడు.

"మంచిదే." జోగారావు గారు సిరాచుక్కను అద్దుడు కాగితంతో అద్దారు. "మంచిదే. మనిషన్నాక ఎదటివాడి కష్టం ఆలోచించాలని ఎక్కడుంది?" ఆయన మధ్యాహ్నం నాడి చూపించుకోలేదు, సాయంత్రం కూడా చూపించుకోలేదు. ఏడింటికి గడియారం విప్పేటప్పుడు, "రేపు చూద్దాం. రేపు కూడా ఇలాగే ఉంటే..." అంటూ పట్టుగుడ్డ అందుకున్నారు.

శుక్రవారం ఉదయం సోమరాజు లంకనుంచి గట్టుదాకా పొరుగువాళ్ల దోనెలో వచ్చి, రేవునుంచి ఎగుడు దారిలో నడిచాడు. ఎప్పుడూ రెండుచోట్ల ఆగి రాళ్లమీద కూర్చునేవాడు. ఆనాడు మోతుబరి గారి అరుగు ఎదుటికి వచ్చాకగాని, తాను ఎక్కడా కూర్చోలేదని గుర్తుకు రాలేదు. గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. లోపల ఎవరూ తలుపు బాదడం లేదు. రెండేళ్ల తరువాత ఊపిరి మొదటిసారి అడుగుదాకా దిగింది; ఆ హాయి అనుభవించడానికి కూడా అతనికి తీరిక లేదు. ఊపిరి ఎంత లోతుకు దిగితే గడియారం అంత దూరమవుతున్నది. గడియారం పోతే గెడ, గెడతోపాటు ఆ తలుపు బాదుడు. మందు తెచ్చుకోవడానికి ఏలూరు పోవాలన్నా గెడే.

జోగారావు గారు ఆరోజు కాస్త ముందుగానే పడకకుర్చీలో ఉన్నారు. పుస్తకం ఒళ్లో తెరిచి, దానిమీద ఎడమ అరచెయ్యి ఆనించి ఉంది. గడియారం కట్టారు. కుడిచెయ్యి చాపారు. కళ్లు మూసుకున్నారు.

సోమరాజు బొటనవేలు పెట్టాడు. ముల్లు బయలుదేరింది. లాభం, రెండు, మూడు. జెల్ల లేదు, తన్నులాట లేదు. సాయంత్రం గాలి పడిపోయాక కొల్లేటి అల ఒడ్డును తాకినట్టు తాకుతున్నది. ముల్లు చుట్టు పూర్తిచేసేసరికి లెక్క ఎనభై దగ్గర ఆగింది.

ఎనభై.

ఆ మాట అతని నోటిదాకా వచ్చి నిలబడింది. దానివెనక వరసగా తాత నిలబడ్డాడు, తండ్రి నిలబడ్డాడు, తడివలల చుట్టూ తన నోటివంక చూస్తూ కూర్చున్న పదేళ్ల జనమంతా నిలబడ్డారు. తన ఒక్క మాట మీద పంచుకుని, మళ్లీ లెక్కపెట్టి చూసుకోకుండా బుట్టలెత్తుకుని వెళ్లిపోయిన ఆడవాళ్లు నిలబడ్డారు. వాళ్లకు ఎదురుగా ఒక్క నూకరత్నం, నీళ్లచెంబుతో. ఇంత పెద్ద సభ ఏ మహారాజు అంతరాత్మలోనూ కూడి ఉండదు. ఇంత మంది మధ్య ఇంత చిన్న అంకె మీద తీర్పూ జరిగి ఉండదు. చెమట నుదుటినుంచి కారి గడియారపు అద్దం మీద పడింది. సోమరాజు ఆ చుక్కను తుండుగుడ్డతో తుడిచాడు. గొంతు సవరించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తెలిసి తెలిసి, నోరారా, తప్పుడు లెక్క చెప్పాడు.

"నూట పద్దెనిమిదండి."

చెప్పి, ఏదో విరుగుతుందనీ, ఎక్కడో ఏదో తెగుతుందనీ ఊపిరి బిగబట్టి చూశాడు. వసారా కప్పులో పిచుక ఒకటి గడ్డిపరక జారవిడిచింది. జోగారావు గారు కళ్లు తెరిచి, "ఉఁ" అని, కాఫీ గ్లాసు కోసం చెయ్యి పుస్తకం మీదనుంచి తీశారు.

సోమరాజుకు అంకెలు చదవడం రాదు. కాని ఖాళీ గడికీ నిండిన గడికీ తేడా చూడ్డానికి చదువక్కర్లేదు. శుక్రవారం మూడు గళ్లూ నిండి ఉన్నాయి. వాటికింద శనివారం మూడూ, ఆదివారం మూడూ కూడా, ముత్యాల్లాంటి అక్షరాలతో, విశేషాలతో సహా నిండి ఉన్నాయి. సిరా ఎప్పుడో ఆరిపోయింది.